రాజవ్వ కిటికీ

సూరత్ జిల్లా కోర్టులో నేను అప్పీళ్ళు వినడం మొదలుపెట్టిన మొదటి ఏడాది అది. కింది కోర్టు తీర్పు సరిగ్గా ఉందో లేదో చూడటం అప్పీలు జడ్జి పని. మనుషులకంటే కాగితాలతోనే ఎక్కువ సావాసం.

అప్పుడు నా ముందుకొచ్చిన అప్పీళ్ళలో ఒకటి రాజవ్వది. ఆమె ఉండేది సూరత్‌లోనే, సలాబత్‌పురా పేటలో. మగ్గం పనికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన భర్త వెంట వచ్చి, ఇంట్లోనే చీరలకు మెరుపు రాళ్ళు అతికించేది. ఆ పనికి వెలుతురంతా ఒక్క కిటికీలోంచే. పక్కింటి మహేశ్‌భాయ్ తన పెరట్లో గోడ లేపి దాన్ని మూసేశాడు. ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా అనుభవించిన గాలి వెలుతురుల మీద హక్కు వస్తుంది. దాన్ని ఈజ్‌మెంట్ అంటారు. కిటికీ అంత పాతదని రుజువు లేదంటూ కింది కోర్టు ఆమె దావా కొట్టేసింది.

వాదనల రోజు రాజవ్వ తనలో తనే గొణుక్కుంది: "గాలి ఎల్తురు గూడ కాయితంల సూపియ్యాల్నా? గిదేందవ్వా!"

నవ్వు ఆపుకున్నాను. నాకు తెలుగు వచ్చని, ఆమె మాట అర్థమైందని లాయర్లిద్దరికీ చెప్పి, స్థలం చూస్తానన్నాను. ఇద్దరూ సరేనన్నారు.

అక్కడ కొలతలు రాయిస్తుంటే మహేశ్‌భాయ్ తల్లి శాంతాబా కర్ర పట్టుకుని వచ్చి గుజరాతీలో అందుకుంది. "కిటికీ ఎప్పటిదో వీళ్ళకేం తెలుసు బెహన్, నన్నడగండి. వీడు పుట్టిన రోజున ఈ రాజవ్వే నాకు ఇందులోంచే వేణ్ణీళ్ళు అందించింది."

"మహేశ్‌భాయ్‌కి ఎన్నేళ్ళు?"

"ముప్పై రెండు."

మహేశ్‌భాయ్ లాయరు మెల్లగా ఫైలు మూసేశాడు.

"ఇదంతా కోర్టుకొచ్చి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరు పిలిచారు?" అందామె, కొడుకు వంక చూస్తూ.

ఆ మాట సాక్ష్యం కావాలంటే ఆమెను బోనెక్కించాలి. ఆ అవసరం రాలేదు. తర్వాతి వాయిదాకు మహేశ్‌భాయ్ రాజీ పత్రంతో వచ్చాడు. అప్పటికే గోడను కిటికీ కిందిదాకా దించేశాడట. "మూడు రోజులు మా అమ్మ నాతో మాట్లాడలేదు మేడమ్" అన్నాడు. కోర్టంతా నవ్వింది. రాజవ్వ అతని వీపు తట్టి, సకినాల డబ్బా నా బల్ల మీద పెట్టబోయింది.

"వద్దమ్మా, నేను తీసుకోకూడదు" అన్నాను తెలుగులో.

"అయితే శాంతక్కకే ఇస్త, కిటికీలకెల్లి" అంది, మొహమంతా వెలిగిపోతూ.

రికార్డులో ఉన్నదే చూడాలని అప్పీలు జడ్జికి మొదట నేర్పుతారు. ఎవరిని అడగలేదో కూడా చూడాలని శాంతాబా నేర్పింది. ఇప్పుడు ఇంటి తగాదా ఫైలు ఏది తెరిచినా, ఆ ఇంటి ఆడవాళ్ళను సాక్ష్యానికి పిలిచారా అని ముందు వెతుకుతాను.