రంగు పోసిన చేతులు

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమెను తిట్టదలచుకున్నవాళ్లు వరసలో నిలబడాలి, అందరికంటే ముందు నేనున్నాను. కానీ బయటివాళ్లు ఆమెను చూసి నవ్వితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆడపడుచుగా ఆ హక్కు నాది, ఇంకెవరికీ ఇవ్వను.

ఆమె ఉద్యోగం చేసే ఆఫీసు ఒక పాత మేడ. కింద గదిలో అగ్నిపర్వతం వాళ్లు కూర్చుంటారు. దూరాన పొగలు కక్కే కొండ దగ్గర నేల ఎంత ఉబ్బింది, పొగలో ఏ వాయువు పెరిగింది అని చూస్తుంటారు. పక్క గది జంతువుల వాళ్లది. అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి, పెంటికలు ఏరుకొచ్చి, వాటిలో వెంట్రుకలూ ఎముకలూ వెతుకుతుంటారు. పై గది నీళ్ల వాళ్లది. అక్కడ మా వదిన, మా అన్నయ్య. అందరికీ కలిపి ఒకటే జీపు, ఒకటే ఫ్రిజ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఫ్రిజ్‌లో తన టిఫిన్ డబ్బా పక్కన నక్క పెంటికల సంచి కనిపించిందని వదిన మేడ ఎగిరిపోయేలా కేకలు వేసిందట. ఆ కేకలు విన్న రోజే అన్నయ్య ఆమెను పెళ్లి చేసుకోవాలనుకున్నాడట. మావాడి అభిరుచి అలాంటిది.

మాది కొండ మీద ఊరు. పైవీధిలో మా ఇల్లు, దానికి కాస్త ఎగువన ఊరి చెత్తంతా పోసే పెద్ద గొయ్యి. కొండకు అటువైపు, బాగా దిగువన, కింది వీధి. అక్కడి కుళాయిలకు నీళ్లు కొండ అడుగున పుట్టే ఊటల నుంచి వస్తాయి. వాన పడినప్పుడల్లా కింది వీధి పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. ఆ గోతిలో పడేది ఇళ్ల చెత్త మాత్రమే కాదు. ఆసుపత్రి చెత్త, కబేళా చెత్త, తోళ్ల ఫ్యాక్టరీ మురుగు, అన్నీ లారీల్లో తెచ్చి అందులోనే దింపుతారు. ఆ లారీలు మున్సిపల్ చైర్మన్‌గారి బావమరిదివి.

"గొయ్యి కొండకి ఇటుపక్క, ఊట అటుపక్క. మురుగు కొండెక్కి దిగుతుందా?" అనేవాడు చైర్మన్. వినేవాళ్లు తలలూపేవాళ్లు. వదిన మాత్రం పళ్లు నూరేది.

"ఎక్కక్కర్లేదు చిట్టీ," అని నాకు చెప్పింది ఒకసారి. నాకు జుట్టు నెరిసినా ఆమెకు నేను చిట్టినే. "ఇది సున్నపురాయి కొండ. వాన నీళ్లు దీన్ని కొంచెం కొంచెం తినేస్తాయి. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల పిప్పిపన్ను. ఎక్కడ పోసింది ఎక్కడ తేలుతుందో పైనుంచి చూసి చెప్పేవాడు అబద్ధాలకోరు."

తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. గోతిలో ఒక రంగు పోస్తారు. తాగినా ఏమీ కాని రంగు, అదీ ఊట చేరేసరికి కంటికి కనపడనంత పలచనైపోతుంది. ఊటల దగ్గర చిన్న చిన్న బొగ్గు పొట్లాలు వేలాడదీస్తారు. ఆ రంగు నీళ్లలో రవ్వంత వచ్చినా బొగ్గు పట్టేసుకుంటుంది. తర్వాత బొగ్గును కడిగి, ఆ కడిగిన నీళ్ల మీద ఊదారంగు లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది.

ఇందులో ఒక నియమం ఉంది, దాని గురించే ఈ కథ. రంగు పోసిన మనిషి పొట్లాలు తీసే మనిషిని ముట్టుకోకూడదు. ఆ రంగు అంత మొండిది. గోటి సందులో రేణువు మిగిలినా చాలు. ఒక తువ్వాలు, ఒక తలుపు గొళ్లెం, ఒక టీ కప్పు చాలు టెస్టంతా బూడిదలో పోయడానికి. అందుకే ఆ పనికి రెండు వేరే వేరే జట్లు ఉంటాయి. మా చైర్మన్ మాత్రం పర్మిషన్ ఇద్దరికే ఇచ్చాడు. ఒకరు మా వదిన, ఇంకొకరు మా అన్నయ్య. ఇంకెవరినైనా చేర్చమని ఎంత అడిగినా చెవిన వేసుకోలేదు. అప్పుడు అది పిసినారితనం అనుకున్నాం. వాడి బుర్రలో పురుగు ఏదో మాకప్పుడు తెలియలేదు.

రంగు వదిన పోయాలని, పొట్లాలు అన్నయ్య తీయాలని అనుకున్నారు. అన్నయ్య బట్టలు సర్దుకుని కింది వీధి బడి వెనక గదికి వెళ్లిపోయాడు. జీపు వదినకు పోయింది కాబట్టి జంతువుల వాళ్ల డొక్కు మోటారు సైకిలు అడుక్కున్నాడు. ఇంట్లో వదిన, అమ్మ, నేను మిగిలాం.

"మీ అన్నయ్యకి కూర పంపావంటే ఊరుకోను," అంది వదిన.

"నేను వండిన కూర వదినా, నువ్వు వండింది కాదు!"

"గిన్నె నేను తోమాను కదా."

నిజంగానే ఆ రోజుల్లో ఇల్లంతా పచ్చబడింది. గోతిలో ఒక్కసారి పోస్తే సరిపోదు, వాన పడ్డప్పుడల్లా పోయాలి. పెరట్లో ఓవరాల్ విప్పి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని లోపలికి వచ్చేది. అయినా సబ్బు పచ్చన, బకెట్టు పచ్చన. పక్కింటి తెల్లకుక్క చెవి పచ్చన అయితే వాళ్లావిడ మా మీదికి ఒంటికాలిపై లేచింది.

ఒక పొద్దున వదిన గోతి దగ్గర నుంచి వచ్చి, పెరట్లో చేతి తొడుగులు లాగుతోంది. స్నానాల గదిలో దబ్బున చప్పుడైంది. నేను పరుగెత్తేసరికి వదిన నాకంటే ముందే లోపల ఉంది. అమ్మ తడి నేల మీద పడి ఉంది, కాలు వంకరగా మడత పడింది. వదిన వెనకనుంచి చంకల కింద చేతులు వేసి అమ్మను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

"చిట్టీ, అత్తయ్య స్వెట్టర్ విప్పు. బట్టలన్నీ మార్చు. ఒళ్లు తుడువు. నువ్వూ స్నానం చేసి, బీరువాలో కొత్త బట్టలు కట్టుకో. అప్పుడు తీసుకెళ్లు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీకేమైనా పిచ్చా? అమ్మ నొప్పితో అల్లాడుతుంటే స్నానమా?"

"ఆసుపత్రికి మీ అన్నయ్య వస్తాడు. వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకోకుండా ఉంటాడా?"

నోటికొచ్చినట్టు తిడుతూనే చెప్పినట్టు చేశాను. అమ్మ బూడిదరంగు స్వెట్టర్ విప్పి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టి, అటక మీదికి విసిరాను. వదిన ఆటో దాకా కూడా రాలేదు. గుమ్మం లోపలే నిలబడిపోయింది.

అమ్మ తుంటి విరిగింది. దాని వెనకే ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. అన్నయ్య పగలు ఊటల దగ్గరికి వెళ్లి వస్తూ, మిగతా వేళంతా అమ్మ పక్కనే కూర్చున్నాడు. నేను ఇంటికి వెళ్లడం మానేశాను. వదిన రోజూ వచ్చి ఆసుపత్రి ఎదుట రోడ్డుకు అవతల, మందుల షాపు అరుగు మీద నిలబడేది. అమ్మ మంచం కిటికీ పక్కనే. చూడ్డానికి వచ్చిన మా మేనత్త "కోడలికి రోడ్డు దాటడానికి కాళ్లు రాలేదా" అని ముక్కున వేలేసుకుంది. నియమం సంగతి చెబితే మూతి తిప్పింది. నేను ఆమెను కడిగేశాను, ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు, నాకు దానివల్ల పోయిందేమీ లేదు.

ఒక రోజు వదిన అన్నయ్యకు ఫోన్ చేసింది. "ఏవండీ, టెస్టు పాడైతే పాడైంది. నేను పైకి వచ్చేస్తున్నాను." అమ్మ చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది. అమ్మ ఒకప్పుడు కింది వీధి క్లినిక్‌లో నర్సు.

"ఏమే, అక్కణ్ణుంచే చూడు. లోపలికొచ్చావంటే కాళ్లు విరగ్గొడతాను. ఆ వీధి పిల్లల్లో సగం మంది నా చేతుల్లో పుట్టారు. పని చెడగొట్టకు. నేనెక్కడికి పోతాను, లేచాక వచ్చి నీ వంట తిని తిట్టనూ?"

అమ్మ లేవలేదు. పోయిన రోజు కూడా వదిన రోడ్డుకు అవతలే ఉంది. అమ్మను తీసుకెళ్లే బండి ఆమె ముందు నుంచే వెళ్లింది. అన్నయ్య బండిలోంచి ఆమె వైపు చూశాడు. చెయ్యి ఊపబోయి మానుకున్నాడు. శ్మశానం నుంచి అటే ఊటల దగ్గరికి వెళ్లి, ఆ రోజు పొట్లాలు తీశాడు.

టెస్టు ముగిసింది. గోతిలో పోసిన రంగు కింది వీధి ఊటలన్నిటిలో తేలింది. మున్సిపల్ హాల్లో, మధ్యాహ్నం, ఊరందరి ముందు వదిన ఆ సంగతి చెప్పింది. కింది వీధి వాళ్లు బెంచీల నిండా కూర్చున్నారు. బల్ల మీద బొగ్గు కడిగిన నీళ్లున్న గాజు గొట్టాలు, వాటిని చూపించడానికి ఊదా లైటు. చైర్మన్ అంతా విని, వెనక్కి వాలి, మీసం దువ్వుకున్నాడు.

"బాగుందమ్మా. ఒక్క అనుమానం. రంగు పోసింది నువ్వు. పొట్లాలు తీసింది ఎవరు? మీ ఆయన! ఒకరి చేతిది ఇంకొకరికి అంటకూడదని మీ రూలే కదా. మరి ఇన్నాళ్లూ మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు ముట్టుకోకుండా ఉన్నారంటే..." ఆగి హాలంతా చూశాడు. "చలికాలం కూడానాయె!"

హాలంతా పగలబడి నవ్వింది. నవ్వింది చైర్మన్ మనుషులు మాత్రమే కాదు. కింది వీధి వాళ్లూ నవ్వారు. ఎవరి పిల్లల కోసం మా అమ్మ కోడలి మొహం దగ్గర నుంచి చూడకుండా పోయిందో వాళ్లే, పొట్టలు పట్టుకుని మరీ. ఆ ఇద్దరికే పర్మిషన్ ఎందుకిచ్చాడో నాకప్పుడు తెలిసింది.

వదిన కదలలేదు. "అవతలి కొండ ఊట దగ్గర కూడా పొట్లాలు కట్టాం. అక్కడికి మా రంగు వెళ్లే దారి లేదు. అవీ ఆయనే తీశారు, అదే చేత్తో, అదే సంచిలో. ఆయన చేతికి రంగు అంటి ఉంటే వాటిలోనూ కనిపించాలి. ఒక్కదానిలోనూ లేదు."

"ఆ చిక్కులు మాకెందుకమ్మా," అన్నాడు చైర్మన్. మళ్లీ నవ్వు. అన్నయ్య తల దించుకున్నాడు. నేను లేచి బయటికి నడిచాను. సిగ్గుపడి పోతోందని ఎవరో వెటకారం చేశారు. మా ఇల్లు పక్క వీధిలోనే.

తిరిగి వచ్చేసరికి చైర్మన్ ఆ టెస్టు చెల్లదని తీర్మానం చదువుతున్నాడు. నేను కిటికీ తెరలు ఒక్కొక్కటే లాగేశాను. లైట్లార్పాను. "ఏయ్, ఎవరది!" అని అరిచారు. నేను బల్ల దగ్గరికి వెళ్లి ఊదా లైటు వెలిగించి, ముందు వదిన చేతికి చూపించాను. వాచీ పట్టీ పచ్చగా వెలిగింది. ఆమె సంచీ, సంచి జిప్పు, చెప్పుల అంచు, అన్నీ మెరిశాయి. అన్నయ్య సంచి లాక్కుని తిరగేసి, లోపలా బయటా చూపించాను. చీకటి. ఒక్క చుక్క లేదు.

"వదినా, చెయ్యి అడ్డం పెట్టకు," అని ప్లాస్టిక్ సంచి మూతి విప్పి స్వెట్టర్ బల్ల మీద పరిచాను.

చంకల కింద, రెండు వైపులా, పది వేళ్లూ. అరచేతులతో సహా.

"ఇది మా అమ్మది," అన్నాను. గొంతు చిరిగేలా అరిచాను, ఒప్పుకుంటాను. "పడిపోతే ఈవిడ ఎత్తింది. ఎత్తాక మళ్లీ ముట్టుకోలేదు. అమ్మ పోయేదాకా రోడ్డు మీద నిలబడింది. మీరంతా మందులకని ఆ షాపుకే వచ్చారు కదా? అరుగు మీద ఈవిణ్ణి చూడలేదా? ఇప్పుడు నవ్వండి. చైర్మన్‌గారూ, మీరు మొదలుపెట్టండి, మీ జోకులకి నవ్వడం వీళ్లకి అలవాటే!"

ఎవరూ నవ్వలేదు. చీకట్లో ఎవరో ముక్కు చీదారు. చైర్మన్ గొంతు సవరించుకుని, కమిటీ వేసి పరిశీలిద్దాం అన్నాడు. కింది వీధి నుంచి వచ్చిన ఒక తల్లి, చంకలో బిడ్డతో లేచి నిలబడింది.

"కమిటీ వేసుకోండి. రేపు ఆ గోతి కాడికి లారీ ఎట్టా వస్తదో మాత్రం మేం చూస్తాం."

మర్నాడు లారీ వచ్చిన దారినే వెనక్కి పోయింది. గోతికి ఇప్పుడు కంచె ఉంది. చైర్మన్ నన్ను చూస్తే తల పక్కకు తిప్పుకుంటాడు. అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం జనమంతా వెళ్లిపోయాక హాల్లో మేం ముగ్గురమే మిగిలాం. తెరలు తీయాలని ఎవరికీ తోచలేదు. అన్నయ్య వచ్చి వదిన పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. స్వెట్టర్ మీదున్న తన వేళ్లనే చూస్తోంది.

"చిట్టీ," అంది, "ఎంత గట్టిగా పట్టుకున్నానో చూడు. అత్తయ్యకి నొప్పి పుట్టి ఉంటుంది."

"పుట్టలేదు!" అని కసిరాను. నాకేం తెలుసు? అమ్మను నేను అడగనే లేదు.