గీత మీద చెయ్యి

ఇబ్రహీంపట్నంలో బోరు మోటరు కాలిపోతే దివాకర్ దగ్గరికే తెస్తారు. రాగితీగ చుట్టే ఆ చేతులు ఒకప్పుడు కబడ్డీలో ఎంతమందిని తాకి వచ్చాయో అడిగితే చాలు, పని పక్కన పెట్టి మరీ చెబుతాడు. పక్కనున్న మంచాల ఊళ్లో జరిగిన పోటీల్లో మోకాలు విరిగాక భార్య సునంద ఒక్కటే మాట అంది: "ఇంకోపారి గ్రౌండుల దిగినవంటే దవాఖానకు నేను రాను." అతను మళ్లీ దిగలేదు.

కొన్నాళ్లకు 'కూత' అనే కబడ్డీ వీడియో గేమ్ వచ్చింది. పక్కన హార్డ్‌వేర్ కొట్టు నడిపే శ్యామ్, భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల అబ్బాయి, కొట్టు వెనక గదిలో దాన్ని టీవీకి తగిలించాడు. దివాకర్ అందులో తన పోలికలతో ఒక ఆటగాణ్ణి తయారుచేసుకున్నాడు. మీసం కూడా పెట్టాడు. ఆ బొమ్మ మోకాలికి ఏ నొప్పీ లేదు. ఇక ఆదివారం మధ్యాహ్నమైతే అతను ఆ గదిలోనే.

గేమ్‌లో ఒక లోపం ఉండేది. కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ణి పట్టేసినా, పాక్కుంటూ వచ్చి నడిగీత మీద చెయ్యి వేస్తే వాడు బతికినట్టే; పట్టినవాళ్లంతా ఔట్, తలకో పాయింటు. ఈ గేమ్ మాత్రం ఒక్కోసారి వాణ్ణే ఔట్ ఇచ్చేసేది. కంపెనీకి రాస్తే, తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తామన్నారు. దివాకర్ నమ్మాడు. గదిలో అడుగుపెడుతూనే "వచ్చిందా?" అనేవాడు. ఏమిటని ఎవరూ అడగక్కర్లేదు.

ఒక ఆదివారం శ్యామ్ ఫోన్ చూపించాడు. "ఇంక అప్‌డేట్లు ఉండవంటన్నా. మన అభిమానానికి థాంక్స్ చెప్పారు. వేరే గేమ్ మొదలెట్టారంట."

దివాకర్ చదివిందే మళ్లీ చదివాడు. "థాంక్స్ ఏం జేసుకోను? గీత సరిజెయ్యమన్న గని."

"తుపాకుల గేమ్ పెట్టుకుందాం అన్నయ్యా," అన్నాడు శ్యామ్ తమ్ముడు వినీత్. "దీంతో ప్రతివారం గొడవే." శ్యామ్ కూడా తలూపాడు.

తుపాకులు వస్తే దివాకర్‌కు కబడ్డీ ఈసారి పూర్తిగా పోయినట్టే. కాసేపు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"జర ఆగుండ్రి," అన్నాడు. "మేం మట్టిల ఆడేటప్పుడు అంపైరు యాడుండె? ఔటైనోడే చెయ్యి లేపి బయటికి పోతుండె. గిక్కడ గూడ గంతే. మిషిన్ తప్పు ఔటిస్తే, దాంతోని ఎవనికి లాభమైందో వాడు తర్వాతి కూతల తన మనిషిని హద్దు దాటించి ఔట్ జేసుకోవాలె. పాయింటు వాపస్ పోతది."

వినీత్ నవ్వాడు. "గెలిచే ఆటలో ఎవడు దాటిస్తాడన్నా?"

"నేను దాటిస్త. పెట్టు ఆట."

"ఒక్క ఆటే. తేడా వస్తే తుపాకులే."

"అవ్, తుపాకులే."

ఆట చివరికొచ్చేసరికి దివాకర్, శ్యామ్‌ల స్కోరు సమానం. శ్యామ్ కూతకు వచ్చాడు. దివాకర్ మనిషి ఒకడు కాలు దొరకబట్టాడు, రెండోవాడు మీదికి దూకాడు. శ్యామ్ బొమ్మ ఈదుతున్నట్టు పాకి, అరచెయ్యి గీత మీద వేసింది. టీవీ ఔట్ అంది. పాయింటు దివాకర్‌ది. ఇక మిగిలింది అతని కూత ఒక్కటే. ఊరికే వెళ్లి వచ్చినా గెలుపే.

వినీత్ ఆట చూడటం మాని అతని ముఖమే చూస్తున్నాడు.

దివాకర్ తొందరపడలేదు. తన బొమ్మను ఎదుటివాళ్ల కోర్టులో ఒక చుట్టు తిప్పి, అది కూత పెడుతుంటే ఇష్టంగా చూసుకుని, మెల్లగా పక్కగీత దాటించాడు. స్కోరు సమమైంది.

"చూసినవా?" అన్నాడు వినీత్‌తో.

"చూసేదేముంది?" శ్యామ్ అందుకున్నాడు. "నన్ను పట్టింది ఇద్దరు. గీత తాకానంటే నాకు రెండు రావాలి. ఒకటిచ్చి చేతులు దులుపుకుంటావేంటన్నా?"

"ఇద్దరు యాడ? రెండోడు నీకు తగల్నేలేదు."

"తగిలాడన్నా, నడుం మీద పడ్డాడు. నేను చూశాగా," అన్నాడు వినీత్.

"తుపాకులోనివి, నీకేం ఎరుక?"

"ఎరుకో కాదో, మళ్లీ ఆడండి. ఈసారి దగ్గర్నుంచి చూస్తా." వినీత్ కుర్చీని టీవీ ముందుకు లాక్కున్నాడు.