వకీలయ్య నేర్పిన ‘వాసం’

ఇవాళ పొద్దున తపాలాఫీసు వరుసలో నా ముందున్నాయన నస్యం డబ్బా మూత తీశాడు. ఆ ఘాటుకు తుమ్ము రావలసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మైసూరు సీమలోని చింతామణి ఊళ్ళో మా వకీలు సుబ్బరామయ్యగారి గదంతా ఆ వాసనే. 1940ల మొదట్లో, లా పరీక్ష ప్యాసై, నల్లకోటు కుట్టించుకుని ఆయన దగ్గర జూనియరుగా చేరాను. నిఘంటువు చేతిలో ఉంటే చట్టమంతా తెలిసినట్టేననుకునే వయసు.

ఆ ఏడు ప్లేగు భయంతో దగ్గరలోని కెంచార్లహళ్ళిలో కొన్ని ఇళ్ళు ఖాళీ చేయించి, ఊరి బయట కొత్త స్థలాలు ఇస్తున్నారు. ‘ఊరిలో వాసమున్నవారికే’ అని నిబంధన. గంగమ్మ అనే వితంతువు పేరు జాబితాకెక్కలేదు. పేర్లు రాసుకునేనాటికి ఆమె మూడు నెలలుగా గుడిబండెలో ఉంది. నేను రెండు నిఘంటువులు తిరగేసి, “దక్కదు సార్. వాసమంటే ఉండేది. ఆయమ్మ ఊర్లో లేదు కదా,” అన్నాను.

ఆయన నా చేతిలోని పుస్తకం మూసేశారు. “ఒక్క మాటనే పట్టుకుంటే ఎట్లప్పా? నిబంధన మొత్తం చదువు. ఈ స్థలాలు ఎవురికని ఇస్తాండారు?”

“ఇల్లు పోయినోళ్ళకు.”

“ఆయమ్మకు ఇంకో ఇల్లు యాడన్నా ఉండాదా? నన్ను కాదు, ఆయమ్మను అడుగు.”

పొద్దుటినుంచీ వరండాలో కూర్చున్న గంగమ్మను నేను ఒక్క మాటా అడగలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

తాలూకా కచేరీలో అమల్దారుగారి ఎదుట, అంటే అక్కడి తహసీల్దారు ముందు, ఆయన నన్నే మాట్లాడమన్నారు. “మూడు నెలలు లేనామెకు వాసం ఎట్లా ఉంటాది?” అన్నారు అమల్దారు. గంగమ్మవైపు తిరిగాను.

“నువ్వే చెప్పమ్మా. పోయేటప్పుడు ఇంట్లో ఏమి పెట్టి పోయినావు?”

“విత్తనం కందులప్పా. పురుగు పట్టకుండా ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, కుండలో పోసి పోతిని. చెల్లెలికి జరమొస్తే చూసుకునేదానికి పోయినా. తిరిగి రానోళ్ళు విత్తనం పెట్టి పోతారా?”

అమల్దారు జాబితా చివర ఆమె పేరు రాశారు.

తిరిగి నడిచి వచ్చాము. ఇంటి దగ్గరికి వచ్చాక వకీలయ్య, “ఆ ప్రశ్న నాకు తోచలేదప్పా,” అన్నారు. అంతే.

రెండేళ్ళకు నేను బెంగళూరు వెళ్ళిపోయాను. “ఒకసారి వచ్చి పో అప్పా, మాట్లాడేదానికి ఎవురూ లేరు,” అని ఆయన కార్డు రాశారు. విచారణలున్నాయని వాయిదా వేశాను. తరువాత వచ్చిన కార్డు ఆయన చేతిరాత కాదు, ఆయన కర్మల తేదీ తెలిపేది.

ఇప్పటికీ ఎవరైనా కాగితాలు తెస్తే, వాటిని పక్కన పెట్టి, “మొదటినుంచి చెప్పండి,” అంటాను. వింటూ వింటూ ఉండగా ఎప్పుడో ఒక మంచి ప్రశ్న తోస్తుంది. అడుగుతాను. అడిగాక, ఇన్నేళ్ళయినా, ఆయన ఏమంటారోనని పక్కకు తిరిగి చూస్తాను.