మడుగులో ఫ్లాష్ వెలిగిన రోజు

2023 వేసవి. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోవడంతో, నర్సీపట్నంలోని మా స్టూడియోలో నేను కెమెరా రిపేర్లు ముందేసుకుని కూర్చున్న రోజులు. ఇంట్లో నన్ను అనుమానం పక్షి అంటారు. అననివ్వండి. బ్యాటరీని, వైరును, స్విచ్చును, చివరికి కెమెరా తెచ్చినవాడు చెప్పే మాటను కూడా అనుమానించనివాడు రిపేరు పనికి పనికిరాడు.

అందుకే, కాలేజీలో జువాలజీ చెప్పే ఎస్తేరు గారు ఒక సంచీ తెచ్చి బల్ల మీద విప్పినప్పుడు, సామాను కన్నా ముందు ఆవిడ మొహమే చూశాను. నీళ్ళు చొరబడని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఒక చిన్న కెమెరా ఉంది. ఆ డబ్బాను హౌసింగ్ అంటారు. పక్కనే లావుపాటి టార్చిలైటు లాంటి స్ట్రోబ్, అంటే కెమెరాకి బయట బిగించే పెద్ద ఫ్లాష్. రెండింటినీ కలుపుతూ ఒక నల్ల తీగ.

"నీళ్ళలో ఫొటో తీస్తుంటే స్ట్రోబ్ వెలుగుతోందండి, నా కళ్ళతో చూస్తున్నాను. ఫొటో మాత్రం నల్లగా వస్తోంది," అన్నారు.

"ఏ నీళ్ళలో అండి?"

"కొండ మీద గెడ్డలో. గెడ్డల్లో బతికే చేపల మీద పుస్తకం రాస్తున్నాను." గెడ్డ అంటే మా వైపు కొండవాగు.

చేపలు వండుకునేవాళ్ళను చూశాను, అమ్ముకునేవాళ్ళను చూశాను. ఫొటోల కోసం ఇంత సరంజామా మోసుకుని కొండెక్కే మనిషిని చూడలేదు. ఆ కొండల్లో గుప్తనిధులంటూ తిరిగేవాళ్ళు ఉన్నారని వింటూంటాం. ఈవిడ ఏ మడుగు అడుగున లంకెబిందెలు వెతుకుతోందో అనుకున్నాను.

షాపులో నొక్కి చూశాను. స్ట్రోబ్ వెలిగింది, ఫొటో శుభ్రంగా వచ్చింది. "సెట్టు బాగానే ఉంది మేడమ్. తేడా అంతా మీ గెడ్డలోనే ఉంది," అన్నాను. కిటికీ వెలుతురు చాలు ఆ ఫొటో రావడానికి. అది నాకు అప్పుడు తట్టలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ సెట్టు తనది కాదట, పాత గురువుగారు నమ్మి చేతికిచ్చినదట. "అయితే మీరే వచ్చి చూడండి," అన్నారు. కళ్ళారా చూస్తే గానీ నమ్మని జబ్బు నాది. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. గెడ్డ వేసవికి సన్నబడిపోయింది. ఒక పెద్ద బండ కింద మాత్రం మెడలోతు మడుగు నిలిచి ఉంది. బండ నీడకి అక్కడ పట్టపగలే చీకటి. ఎస్తేరు గారు కళ్ళకు అద్దాలు కట్టుకుని దిగారు. నీళ్ళలోపల తెల్లగా మెరిసింది, మళ్ళీ మెరిసింది. పైకొచ్చి కెమెరా నా చేతికిచ్చారు. చూస్తే నలుపు తప్ప ఏమీ లేదు. లంకెబిందెల సంగతి పక్కనపెట్టి తల గోక్కున్నాను.

అంతలో గట్టు మీద నుంచి కేక వినిపించింది. కర్రలు పట్టుకుని కొందరు మగవాళ్ళు, వాళ్ళకు ముందు ఒక ముసలామె. ఆమె పేరు కొండమ్మ అనీ, ఆ ఊళ్ళో ఆమె మాటకు ఎదురు లేదనీ తరవాత తెలిసింది.

"ఏటి సేత్తన్నారు మా మడుగుల? కరెంటెట్టి సేపలు కొడతన్నారేటి?"

బ్యాటరీకి తీగలు తగిలించి, నీళ్ళలో ముంచి, చేపలను చంపి ఎత్తుకుపోయేవాళ్ళు ఉన్నారు. పిల్లచేపా గుడ్లచేపా అని లేకుండా అన్నీ చచ్చి తేలతాయి. మా దగ్గర చూడబోతే బ్యాటరీలున్న డబ్బా, నల్ల తీగ, నీళ్ళలో మెరుపులు. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా పెద్ద కర్ర తెచ్చేవాడిని.

"ఫొటోలు తీస్తున్నామమ్మా. ఫారెస్టు ఆఫీసులో అడిగే వచ్చాం," అన్నారు ఎస్తేరు గారు.

"ఆఫీసోలకి సెప్తే మాకు సెప్పినట్టేటి? ఏదీ, ఫొటో సూపించు."

చూపించక తప్పలేదు. మొదటిది నలుపు. రెండోది నలుపు. కొండమ్మ తలెత్తి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"నిరుడు ఎవులో కరెంటెట్టీసి ఈ మడుగంతా సంపీసినారు. ఆల దగ్గిరా ఇలాటి తీగే. సామానిక్కడెట్టీసి పొండి."

సామాను పోతే గురువుగారికి మొహం ఎలా చూపించాలి? అది ఒక ఎత్తు. కరెంటు పెట్టి చేపలు కొట్టిందన్న పేరు పడితే ఆ కొండల్లో ఏ గెడ్డకీ ఆవిడను రానివ్వరు, పుస్తకం అక్కడితో సరి. దొంగైతే ఈపాటికి పరుగందుకునేది. ఎస్తేరు గారు కెమెరాను గుండెకు హత్తుకుని నిలబడ్డారు. ఆవిడ మీద నా అనుమానం అక్కడ తీరింది.

తీగ ఊడదీసి ఒక కొస కొండమ్మకిచ్చాను. "ఇది కరెంటు తీగ కాదమ్మా. లోపల రాగి లేదు, వెలుతురు నడుస్తుంది. కంటికి పెట్టుకుని చూడు." దాన్ని ఫైబర్ ఆప్టిక్ కేబుల్ అంటారు. కెమెరాలో ఉండే చిన్న ఫ్లాష్ వెలుగును స్ట్రోబ్ దాకా చేరవేసి, నువ్వూ వెలుగు అని చెప్పడం దాని పని. ఫొటో పడే క్షణానికి స్ట్రోబ్ సరిగ్గా వెలగడాన్నే సింక్ అంటాం.

"నువ్వెట్టుకో ముందు," అంది. పెట్టుకున్నాను. అప్పుడు తానూ పెట్టుకుంది. రెండో కొసను ఆకాశం వైపు తిప్పి, వేలితో మూసి తెరిచాను.

"ఎలుగే," అంది. "అయితే ఫొటో ఏదీ?"

నన్ను తొలుస్తున్నదీ అదే ప్రశ్న. అప్పుడు రోలుగుంటలో ఒక పెళ్ళి గుర్తొచ్చింది. మండపంలో నేను స్టాండుకు పెట్టిన లైట్లు నా కెమెరా ఫ్లాష్‌ను చూసి వెలగాలి. ఎవరో చుట్టం మధ్యలో తన కెమెరా నొక్కితే, అవి దానికి వెలిగేసి ఊరుకున్నాయి. నా ఫొటో చీకటైంది. ఇక్కడా స్ట్రోబ్ తొందరపడి ముందే వెలుగుతోందా? కానీ ఉన్నది ఒక్క కెమెరాయే!

తీగ మళ్ళీ బిగించి, నా ఫోన్లో స్లో మోషన్ వీడియో పెట్టి, ఎస్తేరు గారిని గట్టు మీదే నొక్కమన్నాను. కంటికి ఒక్క మెరుపే కనిపించింది. వీడియోలో రెండున్నాయి. కెమెరా ముందుగా చిన్న మెరుపొకటి వదిలి వెలుతురు కొలుచుకుంటోంది. దాన్ని ప్రీఫ్లాష్ అంటారు. స్ట్రోబ్ దానికే ఉన్నదంతా ఖర్చు పెట్టేసి, అసలు ఫొటో పడే రెండో మెరుపుకు ఖాళీగా ఉంటోంది. ముహూర్తం రాకుండానే అక్షింతలు వేసేసి భోజనానికి లేచిపోయిన చుట్టంలాగా.

మొదటి మెరుపును వదిలేసి రెండోదానికే వెలగమని చెప్పే స్విచ్చు ఒకటి స్ట్రోబ్ వెనక ఉంది. ఎప్పుడు తిరిగిందో, ఎవరు తిప్పారో, అది అవతలి వైపు ఉంది. ఇటు తిప్పాను.

"ఇప్పుడు వస్తుందమ్మా. ఒక్క ఫొటో తీయనివ్వు."

"అలగైతే ఇద్దరూ దిగండి. కరెంటోడు నీలల్లోకి దిగడు, గట్టుమీదే ఉంటాడు."

ఆమె తెలివికి లోపలే దండం పెట్టుకుని, ఈత రాని నేను ప్యాంటుతో సహా నడుంలోతుకు దిగాను. ఎస్తేరు గారు బండ కిందికి వెళ్ళి నొక్కారు. బయటికి రాగానే కెమెరా కొండమ్మే లాక్కుంది.

తెర మీద మడుగు అడుగున గులకరాళ్ళు, వాటి మధ్య నల్లచారలతో వేలెడంత చేపపిల్లల గుంపు. వెనక మసకలో మూరెడు చేప ఒకటి.

కొండమ్మ తెరను కళ్ళ దగ్గరకు పెట్టుకుని చూసింది. తరవాత మగవాళ్ళ వైపు తిరిగింది. "ఉన్నాయిరా," అంది. "సచ్చిపోనాయనుకున్నాం గానీ, పిల్లలెట్టినాయిరా." కర్రలు పడేసి అందరూ ఆ చిన్న తెర చుట్టూ మూగారు. నిరుటి నుంచి వాళ్ళు ఆ మడుగులో ఏమీ లేదనుకుంటూనే కాపలా కాస్తున్నారట.

ఆమె మొహంలో సంతోషం ఎంతోసేపు నిలవలేదు. "ఈ ఫొటో ఎవులికి సూపిత్తారు?"

"పుస్తకంలో వేస్తానమ్మా," అన్నారు ఎస్తేరు గారు.

"ఏసుకో. సోటు మాత్రం సెప్పకు. సేపలున్నాయని తెలిసిందంటే కరెంటోడు బేగి వచ్చెత్తాడు."

ఎస్తేరు గారు ఆమె చెయ్యి పట్టుకుని సరేనన్నారు. కొండమ్మ నా వైపు చూసింది. నేనూ మాటిచ్చాను.

ఇన్నేళ్ళూ అనుమానమంటే చెడిపోయినదాన్ని వెతకడానికే అనుకునేవాడిని. బాగున్నదాన్ని బతికించుకోవడానికీ అది కావాలని ఆ మడుగులో తడిసి నేర్చుకున్నాను.

ఎస్తేరు గారు ఆ ఫొటోను పెద్దది చేయించి నాకొకటి ఇస్తే షాపులో తగిలించాను. వచ్చినవాళ్ళు "ఎక్కడిదండీ?" అంటే, "సముద్రంలోది" అనేవాడిని. నమ్మి వెళ్ళిపోయేవారు. మొన్నీమధ్య ఒకాయన మాత్రం దగ్గరకెళ్ళి తేరిపార చూసి, "ఇది సముద్రపు చేప కాదండీ, గెడ్డ చేప. ఎక్కడ దొరుకుతుందేటి?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఫొటో దించి ఇంటికి పట్టుకుపోయాను.