నిచ్చెనక్క పెట్టని సంతకం

ఇళ్లకు రంగులు వేసే మొగుడూ పెళ్లాలను మీరు చూసే ఉంటారు. పెళ్లాం నిచ్చెన మీద, మొగుడు నేల మీద ఉండే జంటను మాత్రం చూసి ఉండరు. ఈ కథలో ఆవిడ భర్తకు మూడో మెట్టు ఎక్కగానే కళ్లు తిరుగుతాయి. ఆ రహస్యం పెళ్లయిన వారానికే బయటపడింది. అప్పటి నుంచి ఏ గోడకైనా పై సగం ఆవిడది, కింది సగం ఆయనది. రెండు సగాలూ కలిసేచోట గీత కనబడకూడదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ కనబడలేదు. "మా ఆవిడ నా నెత్తినెక్కి కూర్చుందండీ" అని ఆయన ఇంటివాళ్లను నవ్విస్తూ ఉండేవాడు. ఆవిడ నవ్వేది కాదు. పైనుంచి ఆయన భుజం మీదికి ఒక చుక్క రంగు వదిలేది.

ఆవిడకు ఇంకో అలవాటు ఉంది. బీరువా జరపగానే వెనక గోడ మీద, వెలవెలబోయిన రంగు మధ్యలో, కొత్తగా వేసినట్టున్న నలుచదరం ఒకటి బయటపడుతుంది. మంచం తలవైపు గోడకు జిడ్డు మరక గుండ్రంగా ఉంటుంది. అక్కడ ఎవరో ఏళ్ల తరబడి తల ఆనించి కూర్చున్నారన్నమాట. తలుపు పక్కన పెన్సిలు గీతలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పిల్లలు ఎదిగిన కొలతలు. పుట్టీ పెట్టబోయే ముందు ఆవిడ వాటిని కాసేపు చూసేది. చూసి, గోడలు రుద్ది అరిగిపోయిన ఉప్పుకాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో బొమ్మ గీసుకునేది. తర్వాత రంగు వేసేసేది. చూడటం ఒక పని, వెయ్యడం ఒక పని. రెంటికీ తగువేమీ లేదు ఆవిడ లెక్కలో.

ఒక వేసవి సెలవుల్లో యూనివర్సిటీలో చిత్రకళా విభాగం వరండాకు రంగులు వేసే పని వచ్చింది. పనిలో పనిగా ఆవిడ కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. వరసగా బొమ్మలు నిలబెట్టే ఈజిళ్లు, వాటి మీద తడి ఆరని బొమ్మలు. తిన్నగా ఆఫీసులోకి వెళ్లి, "ఇందులో ఎవరైనా చేరొచ్చా?" అని అడిగింది. గుమాస్తా ఆవిడ చేతులకున్న సున్నం చూసి, "మీ పిల్లల కోసమా?" అన్నాడు. "కాదు, నాకే" అంది. వయసుకు హద్దు లేదట. ఇంటర్మీడియట్ పాసవ్వాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. రెండేళ్లు కిందామీదా పడి ఇంటర్మీడియట్ గట్టెక్కింది. ప్రవేశ పరీక్షలో బల్ల మీద ఒక బకెట్టు పెట్టి గీయమన్నారు. జీవితమంతా బకెట్టు మోసిన మనిషికి బకెట్టు ఇస్తే ఏమవుతుంది? పిడి ఏ వైపు అరుగుతుందో, అంచు ఎక్కడ సొట్టపోతుందో గీసి చూపించింది. నలభై ఒకటో ఏట సీటు వచ్చింది.

తరగతిలో పిల్లలు మొదట ఆంటీ అన్నారు. ఆవిడ పలకలేదు. తర్వాత నిచ్చెనక్క అని పేరు పెట్టారు. దానికి మాత్రం పలికింది. ఆవిడ పక్క ఈజిలు ఒక కళ్లజోడు పిల్లది. ఆ పిల్ల రంగులు కలపడంలో ఎక్కడ తప్పటడుగు వేసినా ఆవిడ తల తిప్పకుండానే, "పసుపు ఎక్కువైంది, చిటికెడు నలుపు తగిలించు" అనేది.

విభాగానికి పెద్ద హెడ్డు గారు. చదువుకున్నదీ అక్కడే, పాఠం చెబుతున్నదీ అక్కడే. నలభై ఏళ్లుగా ఆ స్టూడియో తప్ప వేరే లోకం లేదు ఆయనకు. చెడ్డవాడని అనలేం. కాకపోతే నిచ్చెనక్క కాన్వాసు దగ్గరికి వచ్చినప్పుడల్లా పెదవి విరిచేవాడు. "గోడకు వేసినట్టు వేస్తున్నారమ్మా. చెయ్యి కొంచెం వదలండి" అనేవాడు.

"గోడకు వెయ్యడం తేలికనుకుంటున్నారా సార్" అనేది ఆవిడ. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఆఖరి ఏడాది చివర ప్రదర్శన ఉంటుంది. ఎవరి బొమ్మలు వాళ్లు స్టూడియోలో తగిలించాలి, బయటి నుంచి పరీక్షకుడు వచ్చి చూసి మార్కులు వేస్తాడు. అదే పరీక్ష, అదే పట్టా. నిచ్చెనక్క ఆరు బొమ్మలు సిద్ధం చేసుకుంది. ఉప్పుకాగితాల వెనక గీసుకున్న గోడలే, మనిషంత కాన్వాసుల మీద. బీరువా వెనక నలుచదరం, తల ఆనిన జిడ్డు మరక, పెన్సిలు గీతలు, అన్నీ ఉన్నాయి.

ప్రదర్శనకు ముందు స్టూడియో తెల్లగా చెయ్యాలి. "మనకు ఇంట్లోనే నిపుణురాలు ఉందిగా" అని హెడ్డు గారు ఆ పని ఆవిడకు అప్పగించాడు. శనివారం పొద్దున్నే ఆవిడ మొగుణ్ని, నిచ్చెననూ వెంటబెట్టుకుని వచ్చింది. మూడు గోడలకు మేకుల బెజ్జాలు పూడ్చి రంగు వేశారు. ఇక ఆదివారానికి నాలుగోది మిగిలింది.

ఆ నాలుగో గోడ సంగతి చెప్పాలి. దాని మీద విద్యార్థులు బ్రష్షులు తుడుస్తారు. నలభై ఏళ్లుగా తుడుస్తూనే ఉన్నారు. నేల నుంచి చెయ్యి అందేంత ఎత్తు దాకా రంగు మీద రంగు పడి, బొటనవేలంత మందాన పేరుకుపోయింది. పిల్లలకు అదంటే ప్రాణం. నిచ్చెనక్క ఒక్కతే నాలుగేళ్లలో ఒక్కసారీ దానికి బ్రష్షు తుడవలేదు. గోడకు బ్రష్షు తుడవడమంటే ఆవిడకు తినే కంచాన్ని కాలితో తన్నినట్టే. నడుముకు గుడ్డ కట్టుకుని దానికే తుడుచుకునేది. ఆ గోడ జోలికి పోకూడదని ఎవరూ చెప్పకపోయినా ఆవిడకు తెలుస్తుందిలే అని అందరూ అనుకున్నారు. మూడు గోడలు తెల్లగా మెరుస్తుంటే నాలుగోదాన్ని అలా వదిలేసి వెళ్లడం ఏ రంగుల పనివాళ్లకూ చేతకాదని ఎవరికీ తట్టలేదు. గోకారు, పుట్టీ పట్టించారు, అరగదీశారు, ప్రైమరు వేశారు, రెండు పూతలు తెల్లరంగు వేశారు. పై సగం ఆవిడ, కింది సగం ఆయన. గీత కనబడలేదు.

సోమవారం పొద్దున కళ్లజోడు పిల్ల లోపలికి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నేల మీద కూలబడింది. "అక్కా, ఏం చేశావు అక్కా" అంది. తర్వాత హెడ్డు గారు వచ్చాడు. కిటికీ పక్కన, తన భుజం ఎత్తులో, ఆ తెల్లదనం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. అక్కడ ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు తుడిచిన నీలం ఉండేదట. ఆయన గడ్డం వణకడం నిచ్చెనక్క చూసింది.

"తప్పయిపోయింది సార్. మూడు వేసి నాలుగోది వదిలెయ్యడం చేతకాలేదు. అడగాల్సింది, అడగలేదు" అంది. మనస్ఫూర్తిగానే అంది. ఆ పూటంతా బల్ల కింద కూర్చుని ఏడ్చింది కూడా. ఆ మాట ఇక్కడ దాచాల్సిన పని లేదు.

కథ అక్కడితో అయిపోయేది. అవ్వనివ్వలేదు. మూడోరోజు ఆవిణ్ని ఆఫీసుకు పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టారు. క్షమాపణ పత్రం. సంతకం పెడితే ప్రదర్శనలో చోటు, లేకపోతే లేదు. ఆవిడ నిలబడే చదివింది. గోడను పాడుచేసినట్టు ఒప్పుకుంటున్నాను అని ఉంది, బాగానే ఉంది. దాని కింద వాక్యం ఇది: "గోడలకు రంగులు వేసే వృత్తి నుంచి వచ్చినందువల్ల, కళను చూసే దృష్టి నాకు లేనందువల్ల ఈ పొరపాటు జరిగింది."

రెండోసారి చదివింది. కలం తీసి, ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేసింది.

"ఇప్పుడు పెడతాను సార్ సంతకం" అంది.

"అలా కొట్టెయ్యడానికి లేదమ్మా. విభాగమంతా కలిసి రాసింది" అన్నాడు హెడ్డు గారు.

"మీరంతా కలిసి రాస్తే నాకు కళ్లు పోతాయా సార్? పదేళ్లు ఎండకు మాడిన గోడకు కొత్త రంగు అతుకు తెలియకుండా కలుపుతాను నేను, ఉత్త కంటి చూపుతో. చూపు లేకుండానే కలుపుతున్నానా?"

"అది వేరే చూపు."

"ఏం వేరే? నాకున్నవి రెండే కళ్లు. గోడలకూ అవే, బొమ్మలకూ అవే."

"నలభై ఏళ్ల గోడ అమ్మా అది" అన్నాడు హెడ్డు గారు.

"అందుకే తప్పన్నాను. వందమందిలో అనమన్నా అంటాను. తప్పు చేశానని రాయండి, పెడతాను. గుడ్డిదాన్నని రాస్తే పెట్టను."

కాగితం అక్కడే ఉండిపోయింది.

ఇంట్లో గొడవ మొదలైంది. కూతురు ఆసుపత్రిలో నర్సు, మాట తిన్నగా వచ్చేస్తుంది. "ఒక్క ముక్క కోసం నాలుగేళ్లు నీళ్లలో పోస్తావా అమ్మా? ఎవరు చదువుతారు దాన్ని? బీరువాలో పడేస్తారు."

"బీరువా వెనక ఏముంటుందో నాకు తెలుసులేవే."

"నీకు పట్టా వస్తే చూడాలని నాకుంది. అది నీకు పట్టదు" అంది కూతురు, మొహం పక్కకు తిప్పుకుని.

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లి కూర్చుంది. "నాకూ ఉందే. చాలా ఉంది. పట్టా తెచ్చుకుని గోడకు తగిలించుకున్నాననుకో. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ వాక్యమే కనిపిస్తుంది. నేనూ మీ నాన్నా ఇన్నేళ్లు చూడకుండానే బతికామని నా చేత్తో నేనే సంతకం పెట్టినట్టు."

భర్త అప్పటిదాకా మూల కూర్చుని రోలరు కడుగుతున్నాడు. "కింది సగం నాదే కదా. నన్నెవరూ సంతకం అడగరేం?" అన్నాడు. కూతురికి కోపంలోనే నవ్వొచ్చింది.

మర్నాడు కళ్లజోడు పిల్ల ఒక ఉపాయం పట్టుకొచ్చింది. "అక్కా, ఆ గోడ నీకు గుర్తుంటుంది, నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు కాన్వాసు మీద వేసి సార్‌కి ఇచ్చెయ్. ఆ నీలం చూశారంటే కరిగిపోతారు."

గుర్తుంది, నిజమే. ఏ మరక పక్కన ఏ మరకో చెప్పమంటే చెప్పగలదు. నిచ్చెనక్క కొంచెంసేపు ఆలోచించింది కూడా. "వద్దులే. పోయింది పోయింది. నకిలీ గోడ ఇచ్చి కాళ్లు పట్టుకుంటే ఆయన్నీ మోసం చేసినట్టు, నన్నూ చేసుకున్నట్టు" అంది.

ప్రదర్శన రోజు వచ్చింది. జాబితాలో ఆవిడ నెంబరు పదిహేడు లేదు. ఆరు కాన్వాసులూ మొగుడూ పెళ్లాలు చెరోపక్క పట్టుకుని మోసుకొచ్చారు. నాలుగో గోడ మీద ఏదీ తగిలించడానికి ఎవరికీ మనసొప్పలేదు, అది ఖాళీగా ఉంది. మేకు కొట్టే హక్కు తనకు లేదు కాబట్టి, బొమ్మల్ని ఆ గోడ పక్కన నేల మీద ఆనించి పెట్టింది. పక్కన నిలబడింది. వెళ్లిపొమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పరీక్షకుడు ఒక్కొక్క విద్యార్థి దగ్గరా ఆగుతూ వచ్చాడు. ఈ ఆరింటి ముందూ ఆగాడు. "ఇవి ఎవరివి?" అన్నాడు.

"ఈమె జాబితాలో లేరు సార్" అన్నాడు హెడ్డు గారు.

పరీక్షకుడు తన కాగితాలు తిరగేసి, తలూపి, ముందుకు వెళ్లిపోయాడు. అంతే జరిగింది. ఆయన ఏదో అంటాడని కళ్లజోడు పిల్ల ఎదురుచూసింది. ఆయన పక్క విద్యార్థి బొమ్మల దగ్గర ఆగాడు.

నిచ్చెనక్క కదల్లేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా నిలబడింది. వచ్చినవాళ్లు అడిగితే చెప్పింది, అడగకపోతే ఊరుకుంది. క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడ టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చి, జిడ్డు మరక బొమ్మ ముందు ఆగిపోయింది. "మా నాన్న తల ఇక్కడే ఆనేది" అంది, కాన్వాసును ముట్టకుండా వేలు చూపించి. గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. నిచ్చెనక్క అప్పుడు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నెలకు ఫలితాలు వచ్చాయి. నోటీసు బోర్డు మీద పదిహేడో నెంబరు ఎదురుగా "గైర్హాజరు" అని ఉంది. ఎనిమిది గంటలు కాళ్లు పీక్కుపోయేలా నిలబడ్డ మనిషి రాలేదట. కూతురు ఆ కాగితం చింపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీ. అందరూ చదువుకోనీ" అంది. అప్పటికప్పుడే ఆఫీసులోకి వెళ్లి, ఆఖరి సంవత్సరం మళ్లీ చదవడానికి దరఖాస్తు ఏదని అడిగింది. గుమాస్తా ఆ క్షమాపణ పత్రం కూడా బయటికి తీశాడు. "దీని సంగతి అప్పుడే చెప్పాను" అని ఆవిడ దరఖాస్తు మాత్రం నింపి ఇచ్చింది.

కొత్త ఏడాది మొదటిరోజు స్టూడియోలో అందరూ తన కూతురికంటే చిన్నవాళ్లే. ముందు వరసలో ఈజిలు వేసుకుని కూర్చుంది. ఆవిడకు పాత నెంబరే ఉంచారు. హెడ్డు గారు హాజరు పుస్తకం తెరిచి నెంబర్లు పిలవసాగాడు. పదహారు పలికింది. ఆయన వేలు తర్వాతి గీత మీద ఆగింది. తలెత్తి చూడలేదు.

"పదిహేడు."

"ఉన్నాను సార్."

ఆయన కలం కదల్లేదు. విన్నాడో లేదో తెలియలేదు. నిచ్చెనక్క లేచి నిలబడింది. ఎత్తైన గోడల పై సగం నుంచి కింది సగానికి వినబడేలా ఇరవై ఆరేళ్లుగా మాట్లాడిన గొంతు అది.

"పదిహేడు ఉంది సార్. వెయ్యండి."

ఆయన వేశాడు.