చెక్కలు కింద పెట్టిన డ్రిల్లు సారు

మొన్న ఆదోనిలో మా వీధిన చెక్కభజన వాళ్లు చేతుల్లో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ పోతుంటే, ఆ టకటకలకు పొయ్యి మీది కూర వదిలేసి బయటికి పరుగెత్తాను. ఆ చప్పుడు వింటే చాలు, మద్దిలేటి సారు గుర్తొస్తారు. బడిలో మాకు డ్రిల్లు మాస్టరు, సాయంత్రాలు గుడిలో చెక్కభజన గురువు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా అవ్వది వియత్నాం. తాత సైగాన్‌లో బట్టల కొట్టులో పనిచేస్తూ ఆమెను పెళ్లాడి ఇక్కడికి తెచ్చాడు. వచ్చిన వారానికే అత్తగారు "నీ పాటలు మా ఇంట్లో వద్దు" అన్నారట. అవ్వ నోరు కట్టేసుకుంది. కాళ్లనెవరు కట్టేస్తారు? రబ్బరు బిళ్లకు కోడి ఈకలు గుచ్చి, కింద పడనీయకుండా పాదంతో ఎగరేసే వాళ్ల దేశపు ఆట నాకు నేర్పింది.

బడిలో ఆడుతుంటే సారు చూశారు.

"యాడ నేర్సుకున్నావు పాపా?"

నా కళ్లు చూసి అప్పటికే అందరూ 'చైనా' అని ఏడిపించేవాళ్లు. ఇక అవ్వ సంగతి తెలిస్తే బతకనిస్తారా!

"మా ఇంట్లో పనిచేసే ఆమె నేర్పిచ్చింది సార్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది, అదే నా ఖర్మ. ఆమెను పిలవడానికి సారే స్వయంగా ఇంటికి వచ్చేశారు!

"రాప్పా, కూసో. నా మనవరాలు బాగా సదువుతాందా?" అంది అవ్వ.

నా పైప్రాణాలు పైనే పోయాయి. సారు ఒక్కసారి నా వంక చూశారు. "బంగారట్ల సదువుతాది పెద్దమ్మా. మా పిల్లోల్లకు నీ ఆట నేర్పియ్యాల" అన్నారు, అంతే.

మర్నాడు మైదానంలో అవ్వ ఈకల బిళ్ల ఎగరేస్తుంటే సారుకు ఊపొచ్చింది. చెక్కభజన మనిషి కదా, పాట లేకుండా అడుగు పడితే ఆయనకు తోచదు.

"మీ ఊరి పాట పాడు పెద్దమ్మా, నేను చెక్కలేస్తా!"

అవ్వ భయంభయంగా ఎత్తుకుంది. అది సాగిసాగి పోయే పాట. సారు చెక్కలేమో ముందుకు ఉరుకుతున్నాయి. పిల్లలు కిసుక్కుమన్నారు. అవ్వ ఆగిపోయింది.

"నాకు రాదులేప్పా, ఇడిసిపెట్టు."

సారు చెక్కలు కింద పెట్టేశారు. "తప్పు నాది పెద్దమ్మా. పాటెనక తాళం పోవాల గానీ, తాళం ఎనక పాట పోతాదా? నువ్వు పాడు." అంటూ ఆ దుమ్ములోనే బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. అన్నేళ్ల తర్వాత అవ్వ పాట మొత్తం పాడింది.

"ఎవరే ఆయమ్మ?" పక్కనున్న పిల్ల గొణిగింది.

"మా అవ్వ" అన్నాను, సారుకు కూడా వినపడేంత గట్టిగా. నాకు ఏడుపొచ్చేసింది.

నా అబద్ధం గురించి సారు ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అడిగివుంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్ని. ఇప్పుడు నేనూ టీచర్నే, రోజూ ఆదోని నుంచి ఎమ్మిగనూరు బడికి పోయొస్తాను. ఏ పిల్లయినా ఇంటివాళ్ల గురించి బొంకుతూ దొరికిపోతే, గద్దించడానికి నోటిదాకా వచ్చిన మాట మింగేస్తాను. కాస్త ఆగితే తానే చెబుతుంది.