కంటికి ఆముదం

నా ఎడమ కంట్లో శుక్లం ముదిరి, బస్సు మీది ఊరి పేరు కూడా ఆనని రోజులవి. కుడి కన్ను అప్పటికే అంతంతమాత్రం. బెజవాడ కంటి డాక్టరు చూసి, శుక్లం తీయడం తేలికేగాని, వెనక పొర బాగుంటేనే చూపు వస్తుందన్నాడు. ఆ పొరను కోయకుండా వెలుగుతో ఫొటో తీసే యంత్రం ఉందట. గడ్డం ఆనించి కూర్చోబెట్టి తీశారు. ఫొటో నిండా పొగే. శుక్లం అడ్డుపడి వెలుగు లోతుకు పోవడం లేదనీ, ఇంకా లోతుకు పోయే వెలుగుతో కొత్త యంత్రం వస్తోందనీ, వచ్చే వారం రమ్మనీ చెప్పాడు.

మళ్లీ పొగే వస్తే? తిరువూరు నుంచి ఊరికే టికెట్టు కొనడం నాకు గిట్టదు. నేను చదివింది మూడో తరగతే. అందులో ఒంటబట్టిన విద్య ఒక్కటి: బొమ్మ దించాలంటే కాగితానికి నూనె రాయాలి. నూనె తాగిన కాగితం కింద ఏముందో ఇట్టే తెలుస్తుంది. కాగితానికి లేని గొప్ప కంటికేముంది?

కోడలికి చెప్పకుండా వంటాముదం రెండు చుక్కలు కంట్లో వేసుకుని ఆమెతో బస్సెక్కాను. కన్ను కారుతుంటే ఏమైందని అడిగింది. కిటికీ దుమ్మన్నాను.

యంత్రం దగ్గరి అమ్మాయి ఒకసారి తీసి, ఇంకోసారి తీసి, డాక్టర్ని పిలిచింది. ఆయన టార్చి వేసి చూశాడు.

"మామ్మగారూ, కంట్లో ఏం వేశారండీ?"

"ఆముదం."

"ఎందుకూ?"

"మీ వెలుగు జారి లోపలికి పోతుందని."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వు ఆపుకుంటూ, ఆలోచన మరీ వెర్రిది కాదన్నాడు. పరిశోధనల్లో కోసి తీసిన కండ ముక్కల్ని గ్లిజరిన్ లాంటివాటిలో నానబెట్టి లోతుగా చూస్తారట. బతికున్న కంటికి మాత్రం ఆ వైద్యం వద్దన్నాడు. కన్ను కడిగించి, మందు వేయించి, సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు.

కొత్త యంత్రానికి మళ్లీ గడ్డం ఆనించాను. ఫొటోలో పూతరేకు మడతల్లా పొరలు. డాక్టరు పెన్నుతో అడుగు పొర దాకా చూపించి, "బాగుందండీ, చేసేద్దాం," అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక చూపించుకోవడానికి వెళ్తూ బస్టాండులో పునుగులు కొన్నాను. తిని, నూనె ఓడిన పొట్లం కాగితం దాచి, డాక్టరు ముందు పరిచాను. కోడలు చెయ్యి లాగుతూనే ఉంది. ఈవలి అక్షరాలు గడగడా చదివాను. ఆవలివి కూడా కనిపిస్తూనే ఉన్నాయి, చదవబోయి కాస్త తడబడ్డాను. అవి తిరగబడి ఉన్నాయి మరి, అది కంటి తప్పు కాదు.